ఆగని ముందు చక్రం

“ముందు బ్రేకు నొక్కినప్పుడు లివరు మెత్తగా లోపలికి వచ్చేసిందా, గట్టిగా తగిలిందా, అన్నయ్యా?” అని అడిగాను.

మంచం మీద కుడికాలు కట్టుతో చాపుకుని కూర్చున్న వెంకటరావు నా వంక జాలిగా చూశాడు.

“బండి గాలిపటాల కొట్టు మీదకి ఎలిపోతంటే లివరు ఎలగున్నాదో ఎవుడు సూస్తాడమ్మా?”

“చూడక్కర్లేదు. చేతికి జ్ఞాపకం ఉంటుంది. కళ్ళు మూసుకుని ఇది పట్టుకోండి.”

నా గొడుగు పిడి అందించాను. పెళ్ళయ్యాక మా వారు కొనిపెట్టిన మొదటి వస్తువు అది. నీలం మీద తెల్ల చుక్కలు. ఎండ లేకపోయినా వాన లేకపోయినా వెంట తీసుకెళుతున్నాను. వెంకటరావు కళ్ళు మూసుకుని పిడి బిగించాడు. వేళ్ళు సగం ముడుచుకుని ఆగిపోయాయి.

“గట్టిగానే ఉన్నాదమ్మా,” అన్నాడు, తనకే ఆశ్చర్యం వేసినట్టు. “రాయిని పిసికినట్టున్నాది. బండి మాత్రం ఆగనేదు.”

ఈ కేసులో నాకు దొరికిన మొదటి మంచి మాట అది.

“అమ్మాయీ,” అని తలుపు పక్క కుర్చీలోంచి గొంతు వినిపించింది. “లివరు మెత్తనా గట్టా అన్నది మెకానిక్కు ప్రశ్న. చెడగొట్టింది ఎవడన్నది డిటెక్టివు ప్రశ్న. దానికి జవాబు నా జేబులో ఉంది.”

గొంతు గణపతిరావు గారిది. రైల్వేలో పోయిన సామాన్ల విచారణలు చేసి రిటైరయ్యాక ఖరగ్‌పూర్ గోల్ బజారులో ‘ప్రైవేట్ డిటెక్టివ్, రహస్య విచారణలు’ అని బోర్డు పెట్టారు. రహస్యంగా వెళదామనుకున్నవాళ్ళకు ఆ బోర్డు వీధి చివరినుంచే కనిపిస్తుంది. మెడలో ఇస్త్రీ చేసిన తెల్ల కండువా, ఒళ్ళో వెండి తమలపాకుల పెట్టె. నాకు బోర్డు లేదు, బీయస్సీ ఉంది. కాపురానికి వచ్చిన కొత్తలోనే ట్రాఫిక్ కాలనీలో మాయమైన హార్మోనియం వెతికి పెట్టాను. అప్పటినుంచి ఇళ్ళల్లో ఏం పోయినా ఆడవాళ్ళు నా దగ్గరకే వస్తున్నారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా గణపతిరావు గారి ముఖం ఆకులో సున్నం ఎక్కువైనట్టు అవుతుంది.

ఇంతకీ జరిగింది ఇది. విశ్వకర్మ పూజనాడు పొద్దున్న వెంకటరావు తన మోటారు సైకిలు మీద రైల్వే వర్క్‌షాపుకు బయలుదేరాడు. ముందు చక్రానికి బ్రేకు షూలూ, కేబులూ ముందురోజు సాయంత్రమే కొత్తవి వేయించాడు. పూజనాడు ఈ ఊళ్ళో పెద్దా చిన్నా అందరి చేతుల్లోనూ గాలిపటాల దారం ఉండలే. వర్క్‌షాపు గేటు ముందు గాలిపటాల కొట్టు దగ్గర జనం అడ్డం వచ్చారు. బ్రేకులు నొక్కాడు. వెనక చక్రం బిగుసుకుని ఈడ్చుకుంది కానీ, ముందు చక్రం దొర్లుతూనే ఉంది. మనుషుల్ని తప్పించి తిన్నగా కొట్టులోకి దూరిపోయాడు. ఆసుపత్రిలో ముందు వీపుకు అంటుకున్న గాలిపటాలు ఊడదీసి, ఆ తర్వాతే కాలికి కట్టు కట్టారట.

ఆ బ్రేకు బిగించినవాడు మెకానిక్ సూసన్న. రేపు పొద్దున్న చర్చిలో అతనికి పెళ్ళి.

“వెంకటరావూ,” అన్నారు గణపతిరావు గారు, కోర్టులో ప్లీడరులా లేచి నిలబడి. “పోయిన ఆదివారం ఫుట్‌బాల్ మైదానంలో సూసన్న నిన్నేమన్నాడు?”

“‘మళ్ళీ నా గోలు కాడికొస్తే నీ కాలిరిగిపోద్ది’ అన్నాడు.”

“నలుగురూ విన్నారా?”

“రెండు టీములూ ఇన్నాయి.”

“కాలు విరిగిందా?”

“ఇరిగింది.”

గణపతిరావు గారు నా వైపు తిరిగి, ఇంకేం కావాలన్నట్టు చేతులు చాపారు. “ఫిర్యాదు రాసి సిద్ధంగా ఉంది. ఐదు గంటలకు వెంకటరావు సంతకం. ఆ తర్వాత పెళ్ళికొడుకు ఠాణాలో. మెటీరియల్ ఎవిడెన్సు కోసం ఇప్పుడే షెడ్డుకి వెళుతున్నాను.”

“నేనూ వస్తాను, బాబాయిగారూ.”

“నిన్ను ఎవరు పెట్టుకున్నారు?”

“పెళ్ళికూతురు.”

నిజమే. పొద్దున్న ఎస్తేరమ్మ మా ఇంటికి వచ్చింది. ఏడవలేదు. సంచిలోంచి పెళ్ళి చీర తీసి నా బల్ల మీద పరిచి, “దీదీ, ఇది రేపు కట్టుకుంటానా, పెట్టిలో ఎట్టీవాలా? అదొక్కటి తేల్చి సెప్పండి సాలు,” అంది. తెల్లటి చీర, అంచుకు సన్నటి వెండి జరీ. పెళ్ళంటే ఎంత బాగుంటుందో ఈమధ్యే తెలుసుకున్నదాన్ని. ఆ చీర తిరిగి పెట్టెలోకి వెళ్ళడం నేను చూడలేను.

వెంకటరావు తల్లి చిట్టెమ్మ కాఫీ గ్లాసులతో వచ్చింది. నేను ఎప్పుడు వెళ్ళినా ఆమెకు కొత్త పెళ్ళికూతురినే, అడ్డం చెప్పినా వినకుండా పాదాలకు పసుపు రాస్తుంది. ఇవాళ గడపలోనే రాసేసింది.

“ఆ సూసన్న గుంటడు నా సేతి అన్నం తిని పెరిగినాడమ్మా,” అంది నా చెవి దగ్గర. “ఆడలాటి పని సెయ్యడు. మావోడికి సెప్తే ఇనడు. ఆ గణపతిరావు బాబుకి నానేటి సెప్పగలను?”

“అన్నయ్యా, కొత్త సామాను ఎక్కడనుంచి వచ్చింది?” అన్నాను వెంకటరావుతో.

“సూసన్నే కలకత్తా ఎల్లి తెచ్చినాడు. మీ ఇంటాయన బండీ, నా బండీ ఒక రకమే కదా, ఇద్దరివీ ఒకే పొట్లం కట్టించినాడు. ఆడి సెడ్డు రేకు కారతాందని రాత్రికి మా ఇంట్లో ఎట్టి, మర్నాడు సందేల అట్టుకెల్లి నా బండికి బిగించినాడు.”

గోడకు ఆనించిన చంక కర్రల్లో ఒకటి టపామని నేల మీద పడింది. వెంకటరావు నిట్టూర్చాడు.

“సూడండి. బండీ ఆగదు, ఈ కర్రలూ ఆగవు. నిన్నే కొత్తవి తెచ్చినాం. అట్టుకుంటే సేతిలోంచి జారిపోతన్నాయి.”

కర్ర తీసి మళ్ళీ గోడకు ఆనించాను. నిజంగానే జారుడుగా ఉంది. వేళ్ళు కొంగుకు తుడుచుకుని, గణపతిరావు గారు నన్ను వదిలేసి స్కూటరెక్కకుండా గబగబా బయటికి నడిచాను.

*

షెడ్డు దగ్గర మమ్మల్ని ముందు పలకరించింది మా వారి నవ్వు. మా మోటారు సైకిలు బయట నిలబెట్టి, దాని మీద కూర్చుని ఉన్నారు. సూసన్న నిన్న రాత్రి మా బండికి కూడా కొత్త షూలు వేశాడట.

“హైమా, మేదినీపూర్ వెళ్ళి ఐదింటికల్లా వచ్చేస్తాను. ఏం తేను?”

“మీరు రండి, చాలు,” అన్నాను. గణపతిరావు గారు దగ్గారు.

“ఏమోయ్ బాలసుబ్రహ్మణ్యం, ముద్దాయి వేసిన బ్రేకులతో మేదినీపూర్ వెళతావా? మీ ఆవిడ కేసు ఓడిపోతుందని ముందే చెబుతున్నాను, నువ్వు ఆరోగ్యంగా ఉండి ఓదార్చాలి.”

మా వారు ఆయన్నీ, నన్నూ, గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ సూసన్ననీ చూశారు. “మా ఆవిడ వాడిని నమ్మింది. నేను ఆవిడని నమ్మాను. ఇంక బండి ఎక్కకపోతే ఎలాగండీ?” అన్నారు.

నాకు లోపల చిన్న ముల్లు గుచ్చుకుంది. “బ్రేకు ఎలా ఉందో చూశారా?” అన్నాను నెమ్మదిగా.

“కొంచెం జారుతోంది. కొత్త లైనింగు కదా, వంద మైళ్ళు తిరిగాక పట్టు వస్తుందని సూసన్న చెప్పాడు.”

అది అబద్ధం కాదు. షూ మీద వేసిన కొత్త లైనింగు, చక్రం లోపలి డ్రమ్ముకు రాసుకుని సమం అయ్యేదాకా అంతే. గణపతిరావు గారి ముందు వద్దనడానికి నోరు రాలేదు. బండి బుడబుడమంటూ రైలు గేటు వైపు రోడ్డు పట్టింది. మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వెళ్ళాను.

వెంకటరావు బండి షెడ్డు మధ్య స్టాండు మీద ఉంది. హెడ్‌లైటు చుట్టూ ఇంకా ఒక గులాబీరంగు గాలిపటం ముక్క చుట్టుకుని ఉంది.

“ఖరగ్‌పూర్‌లో నా అంత బాగా బ్రేకు కట్టినోడు లేడు దీదీ,” అన్నాడు సూసన్న. భయపడుతున్న మనిషి అలా మాట్లాడడు. లేకపోతే, భయపడుతున్న సూసన్న అలాగే మాట్లాడతాడు. “తప్పు కేబుల్‌ది. కలకత్తావోడు నాసిరకం అంటగట్టినాడు. అది సాగిపోనాది, అంతే.”

“నోరు మూసుకుని ఉంటే నీకే మంచిది,” అన్నారు గణపతిరావు గారు. కండువా సర్దుకుని చక్రం పక్కన వంగి, కేబులు చివర ఉన్న చిన్న ఇనుప చేతిని వేలితో చూపించారు. “అమ్మాయీ, ఇది బ్రేకు ఆర్ము. కేబులు దీన్ని లాగితే లోపల షూలు విచ్చుకుని డ్రమ్ముని పట్టుకుంటాయి. ఇరుసు మీద కంపెనీవాళ్ళు చుక్క కొట్టారు, ఆర్ము మీదా చుక్క ఉంది. రెండూ ఎదురెదురుగా ఉండాలి. ఉన్నాయా?”

లేవు. ఆర్ము, ఇరుసు పళ్ళలో ఒక పన్ను పక్కకి జరిగి ఉంది.

“కావాలని జరిపాడు,” అన్నారాయన. “పట్టు పోవడానికి.”

“పట్టు రావడానికి జరిపినాను,” అన్నాడు సూసన్న.

“ఒక్క నిమిషం,” అన్నాను. గొడుగు గోడకు ఆనించి, లివరు నొక్కి పట్టుకోమని సూసన్నకు చెప్పి కిందికి వంగి చూశాను. కేబులు, ఆర్ము సరిగ్గా మూలమట్టంగా నిలిచాయి. “బాబాయిగారూ, పాత లైనింగు అరిగి పల్చబడింది, కొత్తది మందం. పాత గుర్తులోనే బిగిస్తే కేబులు వాలుగా లాగుతుంది, సగం బలం వృథా. ఇప్పుడు చూడండి, నిలువుగా లాగుతోంది. చెడగొట్టాలనుకున్నవాడు ఇంత శ్రద్ధగా పెడతాడా?”

గణపతిరావు గారు తమలపాకు ఒకటి తీసి ఈనెలు తీయడం మొదలుపెట్టారు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు అలా చేస్తారు.

“సూసన్నా, నీ కేబులు మాటా తప్పే,” అన్నాను. “సాగిపోతే లివరు హ్యాండిలు దాకా వచ్చేస్తుంది. ఇప్పుడు నువ్వు నొక్కుతున్నావు కదా, వస్తోందా?”

“రాలేదు,” అని ఒప్పుకున్నాడు.

“హ్యాండిలు అటూ ఇటూ తిప్పి నొక్కు. ఎక్కడైనా బిగుస్తోందా?”

“లేదు.”

ముందు చక్రం కింద దుంగ పెట్టించి పైకి లేపి, నేనే చేత్తో తిప్పాను. సూసన్న లివరు నొక్కాడు. లివరు సగంలో గట్టిగా ఆగింది. చక్రం మాత్రం నిదానంగా, హాయిగా, ఎవరి మాటా లెక్కచేయని మనిషిలా తిరుగుతూనే ఉంది. వెంకటరావు చేయి గుర్తుపెట్టుకున్నది నిజమే. చెయ్యి లాగుతోంది, కేబులు లాగుతోంది, ఆర్ము తిరుగుతోంది, షూలు వెళ్ళి డ్రమ్ముకు ఆనుతున్నాయి. తప్పు ఎక్కడో షూకీ డ్రమ్ముకీ మధ్య ఉంది.

“చక్రం విప్పు,” అన్నాను.

సూసన్న చేతులు పనిలో పడగానే అతని ముఖం తేరుకుంది. నట్లు వదులు చేస్తూ తెలియకుండానే ఏదో కూనిరాగం అందుకుని, నన్ను చూసి ఆపేశాడు.

“పాడుకో, ఫరవాలేదు. ఆ రోజు కూడా పాడుతూనే బిగించావా?”

“పెళ్ళి పాటలు దీదీ. ఎస్తేరు వాళ్ళ అన్న నేర్పినాడు. లాంతరు ఎలుగులో ఇద్దరం పాడుకుంటా బిగించేసినాం.”

చక్రం ఊడివచ్చింది. షూలున్న మూత పైకి తీశాడు. ముగ్గురం ఒకేసారి తలలు వంచి, ఒకరి తలకొకరం కొట్టుకున్నాం.

లైనింగులు మెరుస్తున్నాయి. కొత్త లైనింగు బలపంలా బరకగా, పొడిగా ఉండాలి. ఇది పెనం మీంచి దించిన అట్టులా నిగనిగలాడుతోంది. వేలితో రాశాను. జారింది.

“నూనె,” అన్నారు గణపతిరావు గారు. ఆ ఒక్క మాటనీ మిఠాయి తిన్నట్టు అన్నారు.

సూసన్న ముఖం పాలిపోయింది. “బేరింగు గ్రీజు కారుంటాది,” అన్నాడు. ఈసారి గొంతులో గొప్పలు లేవు.

అదీ చూశాను. బేరింగు గ్రీజు తన చోటులోనే ముద్దగా ఉంది. దాని చుట్టూ ఉన్న సీలు పొడి. కారి ఉంటే చక్రం తిరిగే విసురుకు లోపలినుంచి అంచుదాకా చారలు పడాలి. ఒక్క చార కూడా లేదు. నూనె బేరింగునుంచి రాలేదు. షూలతోపాటే లోపలికి వచ్చింది.

పైకి అనకూడదనుకున్నాను. కానీ నిజం తెలుసుకోవడానికి వచ్చి, నచ్చని భాగాన్ని దాచడం కుదరదు. చెప్పేశాను.

“ధన్యవాదాలు,” అన్నారు గణపతిరావు గారు. జేబులోంచి ఫిర్యాదు కాగితం తీసి, కలం మూత తిప్పారు. “‘షూలకు నూనె పూసి బిగించెను, ఇది హైమవతమ్మ గారి సమక్షంలో కనుగొనబడెను.’ నీ పేరు కూడా రాస్తాను, అమ్మాయీ. నీ శ్రమ ఉంచుకోను.”

“దీదీ,” అన్నాడు సూసన్న.

షూ ఒకటి చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. షెడ్డంతా పెట్రోలు, కాలిన రబ్బరు వాసన. ఈ షూకి మాత్రం వంటింటి వాసన. నువ్వులనూనె. లైనింగు రివెట్ల గుంటల్లో ఏదో సన్నటి పొడి ఇరుక్కుని ఉంది. గోటితో తీశాను. లైనింగు రంగూ మట్టి పసుపే కాబట్టి కంటికి తేడా తెలియలేదు.

కంటికి తెలియనిది ఎలా తెలుసుకోవాలో నాకు తెలుసు. కాపురానికి వచ్చిన రోజు ఈ ఊళ్ళోనే, మా క్వార్టరు గుమ్మంలో నన్నూ మా వారినీ పక్కపక్కన నిలబెట్టి ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు. ఆ ఎరుపులో కుంకుమ ఉండదు.

“బాబాయిగారూ, మీ కండువా ఒకసారి ఇస్తారా?”

“దేనికి?”

“కేసుకి. సున్నం డబ్బా కూడా.”

ఆయన అనుమానంగా చూస్తూనే ఇచ్చారు. గెలిచిన మనిషి ఉదారంగా ఉంటాడు. పంక్చర్లు చూసే బేసిన్‌లో ఉన్న నీళ్ళు పారబోయించి, మంచినీళ్ళు పోయించి, డబ్బాలోని సున్నమంతా అందులో కలిపాను. ఆయన నోరు తెరిచేలోపు రెండు షూలనీ ఆ తెల్ల కండువాతో మూలమూలలా గట్టిగా తుడిచాను. మడ్డి అంటింది. కండువాని బేసిన్‌లో ముంచి, పిండి, పైకి తీశాను.

సగం కండువా మందారపువ్వులా ఎర్రబడింది.

“రక్తం,” అన్నారు గణపతిరావు గారు.

“పసుపు,” అన్నాను. “సున్నం తగిలితే ఎర్రబడుతుంది. మీకు పెళ్ళైన రోజున కూడా ఇలాగే దిష్టి తీసి ఉంటారు, మరిచిపోయారు. నాకింకా కొత్త.”

ఆయన ఎర్రబడ్డ కొస వేలితో రాసి చూశారు. తర్వాత డిటెక్టివు మేలుకున్నాడు. “సరే, పసుపు. నూనెలో పసుపు కలిపి సూసన్నే పూశాడు.”

“ఎందుకు? అతని చేతికి అందేంత దూరంలో ఇంజనాయిలు డబ్బా ఉంది. చెడు కోరేవాడు నూనె ఒక్కటీ పూసి ఊరుకుంటాడు, బాబాయిగారూ. అందులో పసుపు కలిపి పూసేది మేలు కోరేవాళ్ళే.”

“మేలు కోరి బ్రేకుకి నూనె పూసే మనిషి ఎవరమ్మా ఈ ఊళ్ళో?”

చెయ్యి తుడుచుకుందామని కొంగు అందుకున్నాను. కొంగు మీద నాలుగు వేళ్ళ పసుపు మరక ఉంది. మధ్యాహ్నం చంక కర్ర ఎత్తి తుడుచుకున్న వేళ్ళవి. నిన్ననే తెచ్చిన కొత్త కర్రలు. పట్టుకుంటే జారిపోయే కర్రలు. నా పాదాలు చూసుకున్నాను. అవీ పసుపే.

అప్పుడే షెడ్డు గుమ్మంలో నీడ పడింది. చిట్టెమ్మ నిలబడి ఉంది. చంకలో కొత్త ఇత్తడి బిందె. బిందె మెడకు నూనెతో మెత్తిన పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు.

“మావోడు ఏటన్నా అననీ,” అంది సూసన్నతో, మా ఇద్దర్నీ పట్టించుకోకుండా. “నీ పెళ్ళికని దీన్ని ఎప్పుడో కొని ఉంచినాన్రా. రేపు నానొచ్చినా రాకపోయినా ఇది నీ ఇంట్లో ఉండాల.”

“చిట్టెమ్మత్తా,” అన్నాను, “కొత్తది ఏది ఇంటికి వచ్చినా నువ్వు పసుపు పెడతావు కదూ?”

“ఎట్టకుండా ఎలగమ్మా? కొత్త బట్టకి ఎట్టమా, కొత్త సేటకి ఎట్టమా?”

“విశ్వకర్మ పూజకి ముందురోజు దాకా సూసన్న మీ ఇంట్లో ఉంచిన పొట్లం?”

“ఇప్పినాను,” అంది, గర్వంగానే. “మిసన్లకి పూజ రేపనగా ఆ ఇనుప సామాను అలగే బండికెక్కిస్తారేటి? ఆడు కిరస్తానీవోడు, ఆడికి తెలీదు పాపం. ఉత్త పసుపు రాస్తే నిలవనేదు, రాలిపోనాది. అందుకని నువ్వులనూనెలో కలిపి, ఆ బరకగున్న కాడ బాగా ఇంకేదాకా రాసి, మల్లీ కాయితంలో సుట్టి ఎట్టీసినాను. మా బాబు సల్లగుండాలనీ…”

అక్కడ ఆగిపోయింది. బేసిన్, ఎర్ర కండువా, నా చేతిలో షూ, సూసన్న ముఖం, అన్నిటినీ వరుసగా చూసింది. బిందె నెమ్మదిగా నేల మీద పెట్టింది.

“అదేటమ్మా,” అంది చిన్న గొంతుతో. “నా కొడుకు కాలు నానే ఇరగ్గొట్టినానేటి?”

ముందు కదిలింది సూసన్న. వెళ్ళి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“నువ్వు రాసినావు. నేను తుడిసి, సూసి బిగించాలి కదా అమ్మా. పాటలు పాడుకుంటా ఎక్కించేసినాను. తప్పు నాది. ఎంకటరావుకి నేనే సెప్తాను. రేపు ఆడ్ని కుర్చీలో కూకోబెట్టి చర్చికి మోసుకెల్తాను.”

గణపతిరావు గారు కలం మూత బిగించారు. ఫిర్యాదు కాగితం వంక ఒకసారి చూసి, దాన్ని నాలుగు మడతలు పెట్టి సూసన్న చేతికిచ్చారు. “చేతులు తుడుచుకో. రేపటికి శుభ్రంగా ఉండాలి,” అన్నారు. నావైపు తిరగకుండా, “సున్నం డబ్బా కొత్తది కొనిపెట్టు, అమ్మాయీ,” అని చేర్చారు.

ఎస్తేరమ్మ వెండి జరీ చీర కళ్ళముందు మెరిసింది. ఈ కబురు ముందు ఆమెకి చెప్పాలా, ఐదింటికి వచ్చే ఆయనకి చెప్పాలా అని నాలో నేను తగువు పెట్టుకుంటున్నాను. చిట్టెమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఇంకా చెబుతూనే ఉంది.

“ఆ రోజు ఎంత సరదాగా రాసినానో. నాలుగింటికీ రాసినాను.”

“నాలుగా?” అన్నాను.

“పొట్లంలో నాలుగున్నాయి కదా. మీ ఆయన బండివి రెండూ ఒదిలీసి, మావోడివి రెండింటికే రాస్తే బాగుంటాదేటి? మీరూ కొత్త దంపతులు. ఆటికి ఇంకో సెంచాడు నూనె ఎక్కువే ఏసినాను.”

సూసన్న తల ఎత్తి నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను. కొంచెం జారుతోంది, అన్నారు మా వారు. వంద మైళ్ళు తిరిగాక పట్టు వస్తుంది.

“టైమెంత?” అన్నాను.

“ఐదు కావస్తోంది,” అన్నారు గణపతిరావు గారు.

వెళ్ళేటప్పుడు గేటు దాటాక గట్టు మీదికి ఎక్కుడు. వచ్చేటప్పుడు అదంతా దిగుడు. దిగుడు చివర రైలు గేటు. ఐదింటి గూడ్సుకి ఆ గేటు వేస్తారు.

“బాబాయిగారూ, స్కూటరు తీయండి.”

ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. రిటైరయ్యాక ఆయన అంత వేగంగా నడిచి ఉండరు. నేను వెనక కూర్చునేసరికి బండి కదిలింది. గొడుగు షెడ్డులోనే మరిచిపోయాను. చేతిలో మాత్రం తడి కండువా ఉండిపోయింది, ముంజేతి మీదుగా ఎర్రనీళ్ళు కారుతూ.

మేం వెళ్ళేసరికి గేటు సగం దిగింది. గూడ్సు కూత వినిపిస్తోంది. “అమ్మాయీ, ఆగు,” అని గణపతిరావు గారు అరుస్తూనే ఉన్నారు, నేను దిగుతున్న గేటు కిందనుంచి వంగి, పట్టాలు దాటి, అవతలి గేటు కిందనుంచి కూడా దూరి రోడ్డు మీద పడ్డాను. గేటుమేను బెంగాలీలో నన్ను తిట్టిన తిట్లు పూర్తిగా అర్థం కానందుకు సంతోషించాను. కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని గట్టు ఎక్కుతూ పరుగెత్తాను. వెనక రెండు గేట్లూ పడిపోయాయి.

గట్టు మీద మోటారు సైకిలు కనిపించింది. హ్యాండిలుకు ఆకుపొట్లం ఒకటి వేలాడుతోంది. ఏమీ వద్దన్నా పూలు కొన్నారు. దిగుడు అప్పుడే మొదలైంది. ఇప్పుడే కాలి బ్రేకు తొక్కుతూ నెమ్మదిగా దిగితే ఆగుతుంది. గేటు దగ్గరికి వచ్చాక చేతి బ్రేకుని నమ్ముకుంటే ఆగదు.

రోడ్డు మధ్య నిలబడి, కండువా రెండు చేతులతో తల మీదికి ఎత్తి అటూ ఇటూ ఊపాను. ఆయన రైల్వే ఊళ్ళో పెరిగిన మనిషి. ఎర్రగుడ్డ ఊపితే ఎంత దూరంలో ఉన్నా ఆగిపోతారని నా ధైర్యం.

ఆయన నన్ను చూశారు. ముఖం విప్పారింది. సాయంత్రం పూట భార్య ఊరి చివరిదాకా ఎదురొచ్చి రంగు గుడ్డ ఊపుతుంటే, కొత్త పెళ్ళికొడుకు దాన్ని సిగ్నలు అనుకోడని నాకు అప్పటిదాకా తట్టలేదు. హ్యాండిలు మీంచి ఒక చెయ్యి తీసి, నాకంటే ఉత్సాహంగా ఊపడం మొదలుపెట్టారు.

బండి వేగం అందుకుంది. నా వీపు వెనక, పట్టాలు అదరడం మొదలైంది.